స్వాగత ద్వారం కట్టడమైతే: ఐర్లండ్‌లోని డ్రోమానా గేట్ లాడ్జ్ కేస్ స్టడీ

ఐర్లండ్ దక్షిణ భాగంలో కౌంటీ వాటర్‌ఫర్డ్ ఉంది. అందులో కాపక్విన్ ఊరు దాటి విలియర్స్‌టౌన్ వైపు పోతుంటే ఫినిస్క్ అనే చిన్న ఏరు వస్తుంది. ఏటి మీద రాతి వంతెన. వంతెన అవతలి కొసన, ఏడాదంతా తడిగా ఉండే చెట్ల మధ్య, చిలుము పట్టి లేతాకుపచ్చ తేలిన రాగి గుమ్మటం కనిపిస్తుంది. ఉల్లిగడ్డ ఆకారం. దానికి తోడు సన్నటి మినార్లు, కింద వంపు తిరిగిన కమాను, కమానుకు అటొక ఇల్లు, ఇటొక ఇల్లు. చార్మినార్ చూస్తూ పెరిగినవాడికి దూరం నుంచి చుట్టరికం ఉన్నట్టే అనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే ఒక్క రాయి కూడా మన పద్ధతిలో లేదని తెలుస్తుంది.

ఇది డ్రోమానా ఎస్టేటు గేట్ లాడ్జ్, అంటే గేటు పక్కన కాపలావాళ్ల ఇల్లు. పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి దీని మీద నాకు ఆసక్తి ఒకే కారణానికి: ఇది ముందు బొమ్మగా నిలబడి, తర్వాత కట్టడమైంది. మామూలుగా ఇంటికి గదులు, గోడలు, కప్పు తేలాక అలంకారం వస్తుంది. ఇక్కడ ఆకారం ముందే ఖాయమైపోయింది, అందులో మనుషులు ఉండే చోటును తర్వాత ఇరికించారు. దీని ప్లాను, కాపురంలో ఇబ్బంది, పాడయ్యే తీరు, బాగుచేయాల్సిన పద్ధతి అన్నీ ఆ ఒక్క సంగతి నుంచే పుట్టుకొస్తాయి.

గేట్ లాడ్జ్ చేసే పని

బ్రిటన్, ఐర్లండ్ భూస్వాముల ఎస్టేట్లు ఊళ్లకు ఊళ్లంత ఉండేవి. చుట్టూ రాతి ప్రహరీ, దానికి రెండు మూడు చోట్ల గేట్లు, గేటు పక్కన కాపలా కుటుంబానికి ఒక చిన్న ఇల్లు. మగవాడు ఎస్టేటులో తోటపనో అడవి పనో చేస్తే, గేటు తీసి మూసే పని చాలాచోట్ల ఆడవాళ్ల మీదే పడేది. అర్ధరాత్రి బండి వచ్చినా లేచి రావాలి. ఇంటికి అద్దె లేదు, దానికి బదులు ఈ చాకిరీ.

మన కోటలకు, గడీలకు కూడా సింహద్వారం ఉంటుంది, పక్కన పహరా గదులుంటాయి, పెద్ద తలుపులో దిడ్డి ఉంటుంది. అక్కడ కొలతలన్నీ రక్షణ కోసం పెట్టినవి. ఏనుగు ఢీకొట్టినా తలుపు నిలవాలి. దిడ్డిలోంచి వచ్చేవాడు ఒక్కడొక్కడుగా, తల వంచుకొని రావాలి. 18వ శతాబ్దం నాటికి ఇంగ్లీషు ఎస్టేటు గేటుకు ఆ అవసరం తీరిపోయింది. మిగిలిన పని చూపించుకోవడం. భవంతి ఎక్కడో చెట్ల వెనక ఉంటుంది, దారిన పోయేవాడికి కనిపించేది గేటు ఒక్కటే. దొర అంతస్తు ఏమిటో, అభిరుచి ఏమిటో, ఏ ఏ ఊళ్లు తిరిగొచ్చాడో అక్కడే చెప్పేయాలి.

దీనికి ఖర్చు లెక్క కూడా తోడైంది. కొత్త పోకడను భవంతి మీద ప్రయత్నించి బెడిసికొడితే డబ్బూ పోతుంది, పరువూ పోతుంది. అదే గేటు దగ్గరైతే తక్కువలో తేలిపోతుంది. అందుకే గ్రీకు గుడి, గోథిక్ (మధ్యయుగపు ఐరోపా చర్చిల శైలి) కోట, స్విస్ కర్రిల్లు ఇలా రకరకాల వేషాలన్నీ గేట్ లాడ్జిల్లోనే ఎక్కువగా దొరుకుతాయి. ఆర్కిటెక్టులకు కూడా అవి చేయి తిప్పుకొనే చోటు. నా మటుకు నాకు, ఒక ఎస్టేటు గురించి తెలుసుకోవాలంటే భవంతి కంటే గేటు దగ్గర గడిపే గంటే ఎక్కువ చెబుతుంది.

1826: కర్ర, గుడ్డ, కాగితపు గుజ్జు

డ్రోమానా పాత గడ్డ. బ్లాక్‌వాటర్ నది గట్టు మీద ఫిట్జ్‌జెరాల్డ్ వంశం వాళ్ల కోట ఉండేది. పెళ్లిళ్ల మీదుగా ఆస్తి విలియర్స్ కుటుంబానికి, ఆ తర్వాత స్టూవర్ట్‌లకు వచ్చింది. 1803లో పుట్టిన హెన్రీ విలియర్స్-స్టూవర్ట్ చిన్నప్పుడే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకొని ఎస్టేటుకు వారసుడయ్యాడు. 1826లో వాటర్‌ఫర్డ్ కౌంటీ ఎన్నికలో బలమైన బెరెస్‌ఫర్డ్ కుటుంబానికి ఎదురు నిలిచాడు. తాను ప్రొటెస్టెంటే అయినా, కాథలిక్కుల నాయకుడు డేనియల్ ఓకానెల్ అండతో కాథలిక్కుల హక్కుల పక్షాన పోటీ చేశాడు. అప్పట్లో ఓటు రహస్యం కాదు, ఎవరు ఎవరికి వేశారో భూస్వామికి తెలిసిపోతుంది. అయినా కౌలుదార్లు తమ దొరల మాట కాదని ఇతన్ని గెలిపించారు. 1829లో కాథలిక్కులకు పార్లమెంటు తలుపులు తెరుచుకోవడానికి దారి వేసిన ఘట్టాల్లో ఈ ఎన్నిక ఒకటి.

అదే ఏడాది హెన్రీ వియన్నా అమ్మాయి థెరీసియా పౌలీన్ ఓట్‌ను పెళ్లాడాడు. కొత్త దంపతులు ఇంటికి వచ్చే వేళకు ఎస్టేటు కౌలుదార్లు వాళ్ల కోసం ఒక ద్వారం కట్టి నిలబెట్టారని చెబుతారు. కర్ర, గుడ్డ, కాగితపు గుజ్జు సామగ్రి. ఆకారం మాత్రం ఇంగ్లండ్‌లో అప్పుడు అందరి నోటా నానుతున్న బ్రైటన్ రాజభవనానిది. మన ఊళ్లో నాయకుడో కొత్త పెళ్లికూతురో వస్తుంటే కర్రలు పాతి, గుడ్డ చుట్టి, థర్మోకోల్ గోపురం పెట్టి నిలబెట్టే స్వాగత ద్వారం ఉంటుందే, సరిగ్గా అదే వ్యవహారం. కాకపోతే దంపతులకు అది తెగ నచ్చేసింది. విప్పేయాల్సిన దాన్ని శాశ్వతంగా కట్టించాలని తీర్మానించారు.

ఎప్పుడు కట్టారన్న దాని మీద రెండు మాటలున్నాయి. 1830 ప్రాంతమని కొందరంటారు. మార్టిన్ డే అనే ఆర్కిటెక్టు సంతకంతో 1849 నాటి డ్రాయింగ్ ఉంది. నేను రెండో తేదీ వైపే మొగ్గుతాను. కుటుంబాల్లో చెప్పుకొనే కథలు పెళ్లికీ కట్టడానికీ మధ్య కాలాన్ని కుదించేస్తాయి, అది ఎక్కడైనా చూసేదే. 1849 అన్నది నిజమైతే దానికి ఇంకో బరువు కూడా ఉంది: ఐర్లండ్‌లో మహాకరువు ఇంకా తీరని రోజులవి. ఏటి గట్టున ఉల్లిగడ్డ గుమ్మటానికి డ్రాయింగ్ గీస్తున్నప్పుడు కౌలు గుడిసెల్లో ఆలుగడ్డ లేదు. కట్టడం అందాన్ని మెచ్చుకునేటప్పుడు నేను ఈ మాట పక్కన పెట్టలేను.

ఇంకో విచిత్రం. హెన్రీకి 1839లో బారన్ అనే ప్రభువు హోదా వచ్చింది. 1874లో ఆయన పోయాక కొడుకు ఆ హోదా కోరితే, తల్లిదండ్రుల పెళ్లి చట్టం ఒప్పుకొనేలా రుజువు కాలేదు. బిరుదు అక్కడితో ఆగిపోయింది. ఏ పెళ్లి కోసం ద్వారం లేచిందో ఆ పెళ్లికి కాగితాలు నిలబడలేదు, ద్వారం మాత్రం నిలబడింది.

రూపం ఎక్కణ్ణుంచి వచ్చింది

దీన్ని హిందూ-గోథిక్ శైలి అని పిలుస్తారు. గుమ్మటం, మినార్లు మొగలాయి కట్టడాల నుంచి వచ్చినవే, అందులో హిందూ అనడానికి ఏమీ లేదు. ఆ కాలపు ఇంగ్లీషువాళ్లకు ఆ తేడాతో పని పడలేదు, అంతే.

థామస్ డేనియల్, విలియం డేనియల్ అనే ఇద్దరు చిత్రకారులు 1786లో కలకత్తాలో దిగి, ఉత్తరాన కొండల దాకా, దక్షిణాన కన్యాకుమారి దాకా తిరిగి 1793లో వెళ్లిపోయారు. వాళ్లు గీసిన కోటలు, గుళ్లు, సమాధుల బొమ్మలు 1795 నుంచి 1808 దాకా విడతలుగా 144 అచ్చు చిత్రాలుగా వచ్చాయి. ఇంగ్లండ్‌లో డబ్బున్న ఇళ్లలోకి భారతదేశం ఆ బొమ్మలతోనే వచ్చింది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగంలో సంపాదించిన చార్లెస్ కాకరెల్ గ్లాస్టర్‌షైర్‌లోని సెజిన్‌కోట్‌లో, ఆర్కిటెక్టు అయిన తన సోదరుడు శామ్యూల్ పెపీస్ కాకరెల్ చేత రాగి గుమ్మటంతో ఇల్లు కట్టించాడు. దాని తోటలోని కట్టడాలకు థామస్ డేనియల్ స్వయంగా చేయి వేశాడు. ఇంగ్లండ్ యువరాజు (తర్వాత నాలుగో జార్జి రాజు) ఆ ఇల్లు చూసి ముచ్చటపడ్డాడు. 1815 నుంచి 1822 దాకా ఆర్కిటెక్టు జాన్ నాష్ బ్రైటన్‌లోని యువరాజు భవనాన్ని గుమ్మటాలతో ముంచెత్తాడు. అక్కణ్ణుంచి నాలుగేళ్లకు డ్రోమానాలో కర్రా గుడ్డా.

వరస చూడండి: ఆగ్రాలోనో ససారాంలోనో ఉన్న రాతి కట్టడం, దాని బొమ్మ, ఆ బొమ్మ చూసి కట్టిన భవనం, ఆ భవనం చూసి కట్టిన గుడ్డ ద్వారం, ఆ ద్వారం చూసి కట్టిన ఈ లాడ్జ్. మా వృత్తిలో దీన్ని చదవాల్సిన తీరు వేరు. బొమ్మలో ఎదుటి రూపం ఉంటుంది, నిలువునా కోసి లోపలి కట్టుబడి చూపే కోత ఉండదు. గుమ్మటం ఎంత ఉబ్బిందో తెలుస్తుంది, దాని గోడ మందమెంతో తెలియదు. మినారు ఎత్తు తెలుస్తుంది, లోపల మెట్లున్నాయో లేదో తెలియదు. కాబట్టి ప్రతి అంచెలోనూ ఆకారం మాత్రమే దాటి వచ్చింది. కట్టుబడి దారిలోనే రాలిపోయింది, ఎక్కడికక్కడ స్థానిక మేస్త్రీలు తమకు తెలిసిన దానితో పూరించుకున్నారు.

కమాను ఒక్కటి మాత్రం తేలిగ్గా ఒదిగింది. కింద గుండ్రంగా వంగి, పైన ఎదురు వంపు తిరిగి మొనదేలే కమాను ఇంగ్లండ్ గోథిక్ చర్చిల్లో 14వ శతాబ్దం నుంచే ఉంది. దాన్ని చెక్కడానికి అక్కడి రాతిపనివాళ్లకు కొత్త విద్య అక్కర్లేదు. లాడ్జిల మొనదేలిన కిటికీలు నేరుగా గోథిక్‌వే. రెండు దేశాల అలవాట్లు అతుకు కనిపించకుండా కలిసింది ఈ కమాను దగ్గరే.

ఇదే కాలంలో హైదరాబాదులో దీనికి సరిగ్గా ఎదురు పని జరిగింది. నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధి జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీకి, అంటే కోఠి మహిళా కళాశాల (2022 నుంచి మహిళా విశ్వవిద్యాలయం) పాత భవనానికి, మద్రాసు ఇంజనీరు శామ్యూల్ రస్సెల్ గ్రీకు, రోమన్ పద్ధతి స్తంభాలతో మొగం పెట్టాడు. పని 1803లో మొదలైంది. చూసేవాడికి అది రాతి భవనం. లోపలున్నది ఇటుక, పైన మెరుగు పట్టించిన సున్నపు గార. మూసీ ఒడ్డున ఐరోపా, ఫినిస్క్ ఒడ్డున ఆగ్రా. రెండింటిలోనూ పై తొడుగే అసలు రూపకల్పన.

గుమ్మటాన్ని దగ్గరగా చూస్తే

గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటానికి, ఈ గుమ్మటానికి తేడా పోలిస్తే పని స్పష్టమవుతుంది. అక్కడ గుమ్మటం బరువైన తాపీ పని. రాయి, ఇటుక, సున్నం కలిసి ఒకే ముద్దగా గట్టిపడతాయి. బరువు చుట్టూ ఉన్న మందపాటి గోడల్లోకి దిగుతుంది. వాన కురిస్తే గార కొంచెం పీలుస్తుంది, ఎండకు వదిలేస్తుంది. అలాంటి గుమ్మటం నెమ్మదిగా పాడవుతుంది, పాడవుతున్నట్టు ముందే చెబుతుంది కూడా: గార నల్లబడటం, నెర్రెలు, గుల్ల మోత. 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు ఆధ్వర్యంలో అక్కడ జరిగిన పనిలో ముఖ్యమైన భాగం, తర్వాతి కాలంలో పూసిన సిమెంటు తీసేసి మళ్లీ సున్నం పెట్టడమే.

రాగి తొడుగు గుమ్మటం స్వభావం వేరు. తేలిక, కింద సన్న గోడలు చాలు. కానీ రేకు పీల్చదు, వదలదు. నీళ్లు లోపలికి పోయాయంటే బయటికి రావడానికి దారి ఉండదు, లోపలి కర్ర ఏళ్లపాటు నిశ్శబ్దంగా మెత్తబడుతుంది. బయటి నుంచి చూస్తే ఆకుపచ్చగా ముద్దుగానే ఉంటుంది. పైకి కనిపించే ఆ చిలుము పొర రాగికి మేలే చేస్తుంది, తీయకూడదు. ఎవరైనా రుద్ది మెరిపిస్తానంటే పని ఇవ్వకండి.

రాగి కదులుతుంది కూడా. మూడు మీటర్ల రేకు, 50 డిగ్రీల వేడి తేడాకు దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే రేకుల్ని ఒకదాని అంచు ఒకదాని మీదికి మడిచి, మడతలోనే కదలడానికి జాగా వదిలి బిగిస్తారు. మరమ్మతుకొచ్చినవాడు ఆ మడతను టంకం పెట్టి మూసేస్తే ఆ సంవత్సరానికి కారడం ఆగుతుంది, తర్వాత రేకే చిరుగుతుంది. బిగించే మేకులు రాగివే కావాలి. ఇనప మేకు రాగిని తాకి తడి తగిలితే ఇనుమే ముందు తినేసుకుపోతుంది. ఉల్లిగడ్డ ఆకారంలో ఇంకో చిక్కు: పొట్ట దగ్గర ఉబ్బి, మెడ దగ్గర లోపలికి తిరుగుతుంది. నీళ్లు పొట్ట దాటాక కింద పడిపోకుండా రేకునే పట్టుకొని మెడలోకి జారతాయి. గుమ్మటం మెడ, పిట్టగోడ కలిసే ఆ మూల ఇలాంటి కట్టడాల్లో మొదట చూడాల్సిన చోటు.

బ్రైటన్‌లోనే నాష్‌కు ఈ గుణపాఠం అయింది. పాత భవనం మీద పోత ఇనుము చట్రం నిలబెట్టి గుమ్మటాలు వేశాడు, అది బాగానే నిలిచింది. కప్పుల మీద అప్పట్లో కొత్తగా వచ్చిన మాస్టిక్ అనే ఒక నూనె పూత పూయించాడు. అది బీటలిచ్చి రాజభవనం కారింది. కొత్త సామగ్రి అమ్మేవాళ్ల మాట మీద పురాతన కట్టడాన్ని ప్రయోగశాల చేయకూడదని నేను క్లయింట్లకు చెప్పాల్సి వచ్చినప్పుడు ఈ ఉదాహరణే వాడతాను. రాజుగారి ఇల్లు కారిందంటే వెంటనే వింటారు.

కాపురం ఉండేవాళ్ల వైపు నుంచి

కమాను మధ్యలో, ఇల్లు రెండు ముక్కలు. ఎదుటి నుంచి చూస్తే సమతూకం అద్భుతంగా కుదిరింది. ఉండేవాళ్లకు అది శిక్ష. ఐర్లండ్‌లో ఇలాంటి జంట లాడ్జిలు చాలా ఉన్నాయి. ఒకే కుటుంబానికి రెండూ ఇస్తే ఒక పక్క వంట, ఒక పక్క పడక. జల్లు కొడుతుండగా బండ్ల దారి దాటి అటూ ఇటూ తిరగాలి. ఒక్కో వైపు ఒక్కో కుటుంబాన్ని పెడితే ఒక్కొక్కరికి దక్కేది గదిన్నర. ఏ లెక్కన చూసినా ఇరుకే. పొగగొట్టం ఇంకో తలనొప్పి. ఆ చలిదేశంలో పొయ్యి లేకుండా ఇల్లుండదు, పొగగొట్టం పైకి లేస్తే సొగసు చెడుతుంది. అలంకార లాడ్జిల్లో దాన్ని స్తంభంగానో బురుజుగానో వేషం మార్చి దాచేవాళ్లు. దాచడం కోసం కురచ చేస్తే పొగ ఇంట్లోకే తిరిగొచ్చేది.

వంతెన ఈ రూపకల్పనలో భాగమే అని గుర్తించకపోతే కట్టడం సగమే అర్థమవుతుంది. వచ్చేవాడు ఏటి అవతలి నుంచి దూరంగా నిలబడి మొత్తం ఒక్క చూపులో చూడగలగాలి, అందుకు ఏరు ఖాళీ జాగా ఇచ్చింది. నీళ్లు నిలకడగా ఉన్న రోజు నీడ కూడా పడుతుంది. వంతెన మీదికొచ్చాక చూపు కమానులోకి మళ్లుతుంది. ఈ లాడ్జ్‌ను ఏటికి వందడుగులు వెనక్కి, చెట్లలో కట్టి ఉంటే ఇవాళ ఎవరూ దీని గురించి రాయరు.

అదే లోయలో, లిస్మోర్ పక్కన బాలీసాగర్ట్‌మోర్ అనే చోట ఇంకో గేటు ఉంది. ఆర్థర్ కైలీ-అషర్ అనే భూస్వామి బురుజులతో గోథిక్ ద్వారం, ఆ వెనక బురుజుల వంతెన కట్టించాడు. గీసింది అతని తోటమాలి అంటారు. ద్వారం, వంతెన అయ్యేసరికి డబ్బు అయిపోయింది, వాటికి తగ్గ కోట లేవనే లేదు. కరువు రోజుల్లో కౌలుదార్లను ఇళ్ల నుంచి గెంటించిన పేరు కూడా ఆ దొరకు ఉంది. ఎస్టేటు గేట్ల మీద పనిచేసేవాళ్లు డ్రోమానాతో పాటు అదీ చూసి రావాలి. ద్వారం మీద ఎంత పెట్టవచ్చన్న ప్రశ్నకు రెండు జవాబులూ కొద్ది మైళ్లలోనే దొరుకుతాయి.

మరమ్మతు

20వ శతాబ్దంలో ఐర్లండ్ ఎస్టేట్లు కరిగిపోయాయి. డ్రోమానా భవంతిలో పెద్ద భాగాన్ని 1960ల్లో కూల్చేశారు. ఎస్టేటు ముక్కలయ్యాక గేటుకు యజమాని అవసరమే లేకుండా పోయింది. పాత కట్టడాలను కాపాడటానికి 1958లో మొదలైన ఐరిష్ జార్జియన్ సొసైటీ 1960ల చివర్లో ఈ లాడ్జ్ మరమ్మతు చేపట్టింది. ఐర్లండ్‌లో చాలామందికి భూస్వాముల కట్టడాలంటే పరాయి పాలన గుర్తులు, పడిపోతే పోనీ అనుకునే రోజులవి. ఎక్కడో ఒక రాజభవనం కాకుండా కాపలావాడి ఇంటి మీద ఆ శ్రమ పెట్టడం నాకు నచ్చుతుంది.

ఇలాంటి కట్టడానికి మరమ్మతు వరస మనకు అలవాటైన దానికి కాస్త తలకిందులు. మామూలుగా మేం పునాది, గోడ, కప్పు, ఆ తర్వాతే అలంకారం అని పోతాం. ఇక్కడ విలువంతా ఆకాశానికి ఎదురుగా కనిపించే అంచులో ఉంది. ఒక మినారు కొస విరిగితే గోడలు ఎంత గట్టిగా ఉన్నా కట్టడం పోయినట్టే. కాబట్టి మొదటి పని పై అంచు కొలతలు: గుమ్మటం పొట్ట ఎంత, మెడ ఎంత, ప్రతి కలశం ఎత్తెంత, ఏది ఏ పక్కకు ఒరిగింది. కింద నుంచి కళ్లతో చూసి గీస్తే ఉల్లిగడ్డ గుమ్మటం కచ్చితంగా తప్పు వస్తుంది. కింద నుంచి చూసేటప్పుడు పొట్ట దాని పై భాగాన్ని మింగేస్తుంది. పరంజా కట్టి ఎత్తున నిలబడి కొలవాలి, లేదా లేజర్ స్కాన్ తీయాలి.

తర్వాత నీళ్లు. మెడ దగ్గర సీసపు రేకు, పిట్టగోడ వెనక కాలువ, తూములు. ఐర్లండ్‌లో వాన మన తొలకరిలా కుమ్మరించి పోదు, గాలితో కలిసి పక్క నుంచి రోజుల తరబడి కొడుతుంది. గోడ ఆరడానికి తెరిపి దొరకదు. అక్కడ సిమెంటు గార పెడితే జరిగేది మన దగ్గర కంటే వేగంగా జరుగుతుంది: సన్నటి నెర్రెలోంచి నీళ్లు లోపలికి పోతాయి, సిమెంటు వెనక చిక్కుకుంటాయి, చలికాలంలో గడ్డకట్టి రాతి మొగాన్ని పెచ్చులుగా ఊడదీస్తాయి. కాబట్టి సున్నమే. కానీ మన గానుగ సున్నం తీరులో కాదు, ఆ తడిలో గట్టిపడగల రకం ఎంచుకోవాలి.

ఆ తర్వాత ఇనుము. గోదావరి జిల్లాలో ఒక పాత జమీందారీ బంగళా గేటు చూడమని పిలిచినప్పుడు, అక్కడివాళ్లు బాధపడుతున్నది పైన ఊడిన సింహం బొమ్మ గురించి. అసలు జబ్బు కింద ఉంది. ఇనప గేటు కీలును గుంజ రాతిలో తొలిచి, సీసం పోసి దిగేశారు. ఎప్పుడో సీసం వదులైంది, నీళ్లు దిగాయి, ఇనుము తుప్పు పట్టి ఉబ్బింది. రాయి నిలువునా చీలి, చీలికలోంచి ఎర్రటి చార కిందికి కారుతోంది. చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతే కీలుకు జానెడు చుట్టూ గుల్ల మోత. ఎవరో ఆ చీలికను సిమెంటుతో నింపి, మీద రంగు వేశారు, తడి లోపలే ఉండిపోయింది. తుప్పు ఇనుము తీసి, స్టెయిన్‌లెస్ స్టీలు కీలు పెట్టి, అదే రాయి ముక్కతో అతికించాం. సింహం మీద పెట్టాలనుకున్న డబ్బులో సగం కీలుకే పోయింది, యజమాని కొంత గొణిగాడు కూడా. గేటు అన్నది రోజూ కదిలే బరువు. గోడలకు లేని ఊపు గేటు గుంజలకు ఉంటుంది. గేట్ లాడ్జ్ సర్వేలో కీళ్ల చుట్టూ ఉన్న రాయిని విడిగా ఒక పేజీలో రాయమని మా దగ్గర పనిచేసే పిల్లలకు చెబుతాను.

డ్రోమానాలో ఆ ఊపుకు ఇంకోటి తోడు. గుర్రపు బండి కోసం పెట్టిన వెడల్పులోంచే ఇప్పటి బండ్లు పోతాయి. ఇలాంటి చోట గుంజల అంచులు గీసుకుపోవడం, చక్రాలు చిమ్మే బురద, చలికాలంలో రోడ్డు మీద చల్లే ఉప్పు, ఈ మూడూ నేల నుంచి మోకాలెత్తు దాకా రాయిని తింటాయి. వెడల్పు చేయమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకూడదు, కమాను నిష్పత్తి పోతే మిగిలేది ఏమీ లేదు. బరువు వాహనాలకు వేరే దారి చూపడం, గుంజల మొదట్లో చక్రం తగలకుండా గుండ్రాయి పాతడం, ఈ రెండూ పాత కాలపు మందులే, ఇప్పటికీ పనిచేస్తాయి.

చివరికి వాడకం. గేట్ లాడ్జిలను చంపేది ఖాళీగా ఉండటమే. పొయ్యి వెలగని ఇంట్లో తడి పేరుకుంటుంది, తూములో ఆకులు తీసేవాడు ఉండడు. 1992లో ఏర్పడిన ఐరిష్ ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ ఇలాంటి చిన్న కట్టడాలను బాగుచేసి సెలవులకు వచ్చేవాళ్లకు అద్దెకిస్తుంది. కాపక్విన్ దగ్గరే ఉన్న సాల్టర్‌బ్రిడ్జ్ గేట్ లాడ్జ్ ఆ పద్ధతిలోనే నడుస్తోంది. ఇద్దరు ఉండటానికి సరిపోయే ఒకే ఇల్లు కాబట్టి అక్కడ అది కుదిరింది. రెండు ముక్కల డ్రోమానాకు ఆ లెక్క అంత సులువుగా సరిపోదు. రెండు వైపులా స్నానాలగదీ వంటిల్లూ దూర్చాలంటే ఉన్న కాస్త చోటూ పోతుంది, కొత్త పైపులు గోథిక్ కిటికీల పక్కనుంచి దిగాలి. నన్ను అడిగితే ఒక వైపు ఎస్టేటు చరిత్ర చెప్పే చిన్న గది, రెండో వైపు కట్టడం బాగోగులు చూసే మనిషి సామాను గది. రెండింట్లోనూ చలికాలం రోజుకు కాసేపైనా వేడి ఉండాలి. ఏడాదికి రెండుసార్లు, ఆకులు రాలాక ఒకసారి, చలికాలం పోయాక ఒకసారి, గుమ్మటం మెడ దాకా నిచ్చెన వేసి చూసి రావడానికి ఒక మనిషి పేరు, జీతం ముందే ఖాయం చేయాలి. నేను రాసే రిపోర్టుల్లో ఆ పద్దును కాంట్రాక్టరు అంచనా కంటే పైన రాస్తాను.